మూడు ఊళ్లలో నాలుగు టీములు, ఒకే వెబ్ అప్లికేషన్: మైక్రో ఫ్రంటెండ్ ఎంతవరకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. రైతులు, కమీషన్ ఏజెంట్లు, కొనుగోలుదారులు వాడే మార్కెట్ యార్డు వెబ్ అప్లికేషన్‌ను నాలుగు టీములు కలిసి తయారుచేస్తున్నాయి. సరుకు రాకను, లాట్ల నమోదును చూసే టీమూ, రవాణాను చూసే టీమూ కర్నూలులో ఉన్నాయి. వేలం టీము అనంతపురంలో, చెల్లింపుల టీము కడపలో ఉన్నాయి. కోడ్ అంతా రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో రాసినది, ఒకే రిపోజిటరీలో (కోడ్ భద్రపరిచే చోట) ఉంది. రెండు వారాలకు ఒకసారి అందరి మార్పులూ కలిసి ఒకే రిలీజ్‌గా వెళ్తాయి. చీనీ (బత్తాయి) సీజన్ కోసం అనంతపురం టీము సిద్ధం చేసిన వేలం పేజీ, తనకు ఏ సంబంధమూ లేని చెల్లింపుల టెస్టులు ఫెయిలైన కారణంగా, వరుసగా రెండు రిలీజులకు ఎక్కలేకపోయింది. ఇవి గాక పాత జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్ అయిన ఆంగ్యులర్‌జేఎస్‌లో రాసిన పాత నివేదికల విభాగం ఒకటి మిగిలి ఉంది. మొత్తాన్ని మైక్రో ఫ్రంటెండ్లుగా, అంటే ఒక్కో టీము విడిగా రిలీజ్ చేసుకోగల భాగాలుగా, వాటిని బ్రౌజర్‌లోనే కలిపే మాడ్యూల్ ఫెడరేషన్‌తో ముక్కలు చేయాలా అని మీరు అడిగారు.

మొత్తాన్ని ముక్కలు చేయవద్దని నా సలహా. ముందు చెల్లింపుల భాగాన్ని విడదీయండి, అది కుదురుకున్నాక వేలాన్ని విడదీయండి. లాట్ల నమోదు, రవాణా రెండూ ఒకే ఊళ్లో కూర్చునే టీములవి, ఒకే సమాచారాన్ని పదేపదే తాకేవి. వాటిని కలిపే ఉంచండి. ఈ నిర్ణయానికి ఎలా వచ్చానో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఆరు నెలల తరువాత మీ టీముల అమరిక మారితే ఇదే లెక్కను మీరే మళ్లీ వేసుకోవలసి ఉంటుంది.

మైక్రో ఫ్రంటెండ్ అనే పేరు 2016 చివర్లో థాట్‌వర్క్స్ అనే సాఫ్ట్‌వేర్ సలహా సంస్థ వెలువరించే టెక్నాలజీ రాడార్ నివేదిక ద్వారా ప్రచారంలోకి వచ్చింది. అప్పటికే సర్వర్ వైపు మైక్రోసర్వీసులుగా (విడివిడిగా నడిచే చిన్న సర్వీసులుగా) విడిపోయిన టీములన్నీ బ్రౌజర్ వైపుకు వచ్చేసరికి మళ్లీ ఒకే పెద్ద కోడ్‌బేస్ ముందు వరుసలో నిలబడవలసి వస్తున్నదన్నది దాని వెనుక ఉన్న బాధ. కాబట్టి దీని అసలు లక్ష్యం కోడ్ శుభ్రత కాదు, స్వతంత్రంగా రిలీజ్ చేయగలగడం. కోడ్ చిక్కుబడిపోవడమే మీ ఇబ్బంది అయితే ఫోల్డర్ల హద్దులు, లింట్ నియమాలు (కోడ్ రాతను తనిఖీ చేసేవి), మంచి రివ్యూలు దాన్ని చాలా తక్కువ ఖర్చుతో సరిచేస్తాయి. చిక్కుబడిన కోడ్‌ను అలాగే నాలుగు రిపోజిటరీల్లోకి పంచితే ఆ చిక్కులన్నీ నెట్‌వర్క్ మీదికి ఎక్కుతాయి, అక్కడ వాటిని విప్పడం మరింత కష్టం. ఒక టీము మరో టీమును అడగకుండా, టెస్టులు నడిపి రిలీజ్ చేసే వారి పైప్‌లైన్ పచ్చగా ఉందో లేదో చూడకుండా తన మార్పును వినియోగదారు ముందుకు తీసుకుపోగలిగినప్పుడే దాన్ని మైక్రో ఫ్రంటెండ్ అనాలి.

అందుచేత కోడ్ ముట్టుకునే ముందు గడచిన కొన్ని నెలల రిలీజులను ముందు పెట్టుకుని, ప్రతి మార్పూ మెర్జ్ అయిన (ఉమ్మడి కోడ్‌లో కలిసిన) రోజు నుంచి వినియోగదారుకు చేరిన రోజు వరకు ఎంతకాలం, ఎవరికోసం ఆగిందో రాసుకోండి. టెస్టులు నెమ్మదిగా నడవడం వల్ల ఆగినవి ఎన్ని, రివ్యూ చేసేవారు దొరకక ఆగినవి ఎన్ని, పక్క టీము పొరపాటు వల్ల ఆగినవి ఎన్ని అన్నది విడివిడిగా తేలాలి. మొదటి రెండు రకాలే ఎక్కువైతే మైక్రో ఫ్రంటెండ్ వాటిని తగ్గించదు. మారిన భాగానికి సంబంధించిన టెస్టులను మాత్రమే నడిపే ఎన్ఎక్స్ వంటి పనిముట్లు, ఏ ఫోల్డర్‌కు ఎవరు బాధ్యులో చెప్పే కోడ్ ఓనర్ల ఫైలు, పూర్తికాని పనిని కప్పి ఉంచే ఫీచర్ ఫ్లాగులు చాలు. ఎన్నో సంస్థల అవసరం ఇక్కడే తీరిపోతుంది, అది ఏ విధంగానూ చిన్న విషయం కాదు. మీ వేలం పేజీ ఆగిపోయిన సంగతి మాత్రం మూడో రకానిది. ఊళ్లు వేరు, బాధ్యులు వేరు, పని వేగం వేరు అయినప్పుడు ఈ మూడో రకం ఆలస్యం మంచి అలవాట్లతో మాత్రమే పోదు.

ఎక్కడ కోయాలన్నది ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం. ఒక వ్యవస్థను తయారుచేసే సంస్థలో మాటల రాకపోకలు ఎలా ఉంటాయో ఆ వ్యవస్థ రూపం కూడా అలాగే తయారవుతుందని మెల్విన్ కాన్వే 1968లోనే రాశారు. కడప టీముకూ అనంతపురం టీముకూ మధ్య రోజువారీ సంభాషణ తక్కువగా ఉంటే, వారి కోడ్ మధ్య కూడా ఇరుకైన, స్పష్టమైన వాకిలి ఒక్కటే ఉండాలి. హెడర్ ఒక టీముకు, పట్టికలు ఒక టీముకు, ఫారాలు ఒక టీముకు అని తెర మీద కనిపించే వస్తువులను బట్టి కోస్తే ప్రతి చిన్న మార్పుకూ మూడు టీములు కదలాలి. వ్యాపారంలోని పనిని బట్టి కోయాలి: కర్నూలు యార్డులో ఉల్లి లాటు దిగింది, దానికి పాటలు వచ్చాయి, ధర ఖాయమైంది, రైతు ఖాతాలో డబ్బు పడింది. ఈ వరుసలో చేతులు మారే చోట్లే మీ హద్దులు. ప్రతి భాగానికి తెర నుంచి డేటాబేస్ వరకు ఒకే టీము బాధ్యత వహిస్తే మరీ మంచిది.

గీసిన హద్దు సరైనదో కాదో గిట్ చరిత్రే చెబుతుంది. ఏయే ఫైళ్లు తరచుగా ఒకే మార్పులో కలిసి కదులుతున్నాయో చూడండి. లాటు వివరాల ఫైళ్లు, రవాణా ఫైళ్లు కలిసి కదులుతుంటే వాటి మధ్య గోడ కట్టడం వృథా శ్రమ. చెల్లింపుల ఫోల్డర్ మాత్రం ఎక్కువ మార్పుల్లో ఒంటరిగా కదులుతుంటే దాన్ని విడదీయడానికి అంతకన్నా గట్టి ఆధారం అక్కర్లేదు. మీరు వివరించిన పనితీరును బట్టి మీ చరిత్ర ఇలాగే ఉంటుందని అనుకునే పై సలహా ఇచ్చాను. వేరుగా ఉంటే నా సలహా కన్నా ఆ చరిత్రనే నమ్మండి.

విడదీసిన భాగాలను మళ్లీ ఒక తెర మీదికి తెచ్చే పద్ధతులు చాలా ఉన్నాయి. భాగాలను ఎన్‌పీఎం ప్యాకేజీలుగా (జావాస్క్రిప్ట్ లైబ్రరీలుగా) చేసి బిల్డ్ సమయంలో, అంటే రిలీజ్‌కు ముందు కోడ్ కూర్చేటప్పుడు, కలిపితే ప్రతి మార్పుకూ షెల్‌ను (భాగాలన్నిటినీ ఒకచోట చూపించే పై అప్లికేషన్‌ను) మళ్లీ రిలీజ్ చేయాలి, అంటే స్వతంత్రం పోయినట్టే. ఒక పేజీలో మరో పేజీని కిటికీలా చూపించే ఐఫ్రేమ్ గట్టి గోడ. బయటి సంస్థ చెల్లింపు ఫారానికి అది సరిగ్గా సరిపోతుంది గానీ ఎత్తు సర్దడం, బ్యాక్ బటన్, స్క్రీన్ రీడర్లు అన్నీ ఇబ్బంది పెడతాయి. సర్వర్ దగ్గరే హెచ్‌టీఎంఎల్ ముక్కలను కుట్టే పద్ధతి వార్తలు, దుకాణాల పేజీల వంటి వాటికి శ్రేష్ఠం. బ్రౌజర్‌లో కలిపే దారుల్లో సింగిల్-స్పా అనే లైబ్రరీ, బ్రౌజర్ స్వయంగా గుర్తించే వెబ్ కాంపోనెంట్లు, 2020 అక్టోబరులో కోడ్ ఫైళ్లను కూర్చే పనిముట్టు అయిన వెబ్‌ప్యాక్ 5తో పాటు వచ్చిన మాడ్యూల్ ఫెడరేషన్ ముఖ్యమైనవి. ఏ మాడ్యూల్ ఏ చిరునామాలో ఉందో బ్రౌజర్‌కు చెప్పే ఇంపోర్ట్ మ్యాపులు కూడా 2023 నుంచి ప్రధాన బ్రౌజర్లన్నిటిలో పనిచేస్తున్నాయి.

వీటన్నిటికన్నా ముందు పరిశీలించవలసిన సాదా దారి ఒకటి ఉంది, దాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. చెల్లింపుల పేజీలన్నిటినీ ఒక యూఆర్ఎల్ కొమ్మ కిందికి తెచ్చి, ఆ కొమ్మకు వచ్చిన అభ్యర్థనలను ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వర్ ద్వారా వేరే అప్లికేషన్‌కు పంపితే, మామూలు లింకు నొక్కినప్పుడు కొత్త పేజీ తెరుచుకుంటుంది, అంతే. ఒక పూర్తి పేజీ లోడ్ అదనంగా పడుతుంది. వేలం ముగిసిన తరువాత చెల్లింపు పేజీకి వెళ్లడం రోజుకు కొన్నిసార్లు జరిగే పని అయితే ఆ ఆలస్యం ఎవరినీ బాధించదు, ఫెడరేషన్ తెచ్చే చిక్కులు ఒక్కటి కూడా రావు. మీ చెల్లింపుల భాగానికి నేను మొదట ఇదే ప్రయత్నిస్తాను. వేలం అలా కాదు. లాటు పేజీలోనే ఒక పక్కన పాటలు క్షణక్షణం మారుతూ కనిపించాలి కనుక అక్కడ మాడ్యూల్ ఫెడరేషన్ అవసరమవుతుంది.

ఫెడరేషన్‌కు వెళ్లినవారిని తొలి వారాల్లోనే ఆపేసేది పంచుకునే లైబ్రరీల సంగతి. నేను సలహాదారుగా పనిచేసిన ఒక సంస్థలో తేదీ ఎంచుకునే కాంపోనెంట్, విడిగా నడిపినప్పుడు బాగానే ఉండి, షెల్‌లోకి రాగానే హుక్‌ను (కాంపోనెంట్ లోపల వాడే రియాక్ట్ ఫంక్షన్‌ను) తప్పుగా పిలిచారన్న రియాక్ట్ లోపంతో పడిపోయేది. హుక్ రాసిన తీరులో తప్పేమీ లేదు. బ్రౌజర్ నెట్‌వర్క్ ప్యానెల్ తెరిచి చూస్తే రియాక్ట్ రెండుసార్లు దిగుతోంది: షెల్ 18వ వెర్షన్ తెచ్చుకుంది, 17 మాత్రమే సరిపోతుందని రాసుకున్న రిమోట్ (షెల్ దించుకునే విడి భాగం) తన సొంత ప్రతిని తెచ్చుకుంది. కాంపోనెంట్ ఒక ప్రతితో తయారై, దాన్ని తెర మీద గీసేది మరో ప్రతి అయినప్పుడు హుక్కులకు తామెవరికి చెందుతామో తెలియదు. రియాక్ట్, రియాక్ట్-డామ్ రెండింటికీ ఫెడరేషన్ సెట్టింగుల షేర్డ్ విభాగంలో సింగిల్‌టన్ (ఒకే ప్రతి) అని పెట్టడం దీనికి మందు. అయితే సింగిల్‌టన్ ఒక్కటే పెడితే వెర్షన్లు కలవనప్పుడు కన్సోల్‌లో హెచ్చరిక మాత్రమే వస్తుంది, ఉన్నవాటిలో పెద్ద వెర్షన్ అందరికీ వర్తిస్తుంది. హెచ్చరికలను ఎవరూ చదవరు. కనుక టెస్టు వాతావరణంలో స్ట్రిక్ట్‌వెర్షన్ కూడా పెట్టి, కలవని వెర్షన్ అక్కడే లోపంగా బయటపడేటట్లు చేయండి.

ఇదే చోట ఇంకొక అడ్డంకి ఎదురవుతుంది. షెల్ మొదటి ఫైలులోనే రియాక్ట్‌ను నేరుగా దిగుమతి చేసుకుంటే, షేర్డ్ మాడ్యూల్ ఈగర్ (వెంటనే చేసే) వినియోగానికి అందుబాటులో లేదన్న లోపం వస్తుంది. ఏ ప్రతిని వాడాలో తేల్చుకునే వ్యవధి వెబ్‌ప్యాక్‌కు దొరకకపోవడమే కారణం. మొదటి ఫైలులో ఏమీ రాయకుండా, బూట్‌స్ట్రాప్ అనే రెండో ఫైలును డైనమిక్ ఇంపోర్ట్‌తో పిలిచే ఒక్క వరుస మాత్రం ఉంచి, అసలు కోడ్ అంతా ఆ రెండో ఫైలులోకి మార్చండి. పంచుకునే జాబితాలో రియాక్ట్, రియాక్ట్-డామ్, రౌటర్, డిజైన్ సిస్టమ్ (అందరూ వాడే బటన్లు, రంగులు, శైలుల సముదాయం) చాలు. తేదీల లైబ్రరీ, చార్టుల లైబ్రరీ కూడా పంచుకుంటే కొన్ని కిలోబైట్లు మిగులుతాయి గానీ ప్రతి అప్‌గ్రేడ్‌కూ నాలుగు టీములు మళ్లీ ఒకే రోజు కూర్చోవలసి వస్తుంది. ఏ వరుస నుంచి తప్పించుకోవడానికి ఇంత శ్రమ పడుతున్నారో ఆ వరుసలోనే మళ్లీ నిలబడతారు.

రెండో సంగతి కాషింగ్, అంటే బ్రౌజర్ ఫైళ్లను దాచుకుని మళ్లీ వాడడం. యార్డులో పనిచేసేవారు తెల్లవారుజామున పేజీ తెరిచి మధ్యాహ్నం దాకా మూయరు. ఈలోగా మీరు కొత్త రిలీజ్ పెట్టి పాత ఫైళ్లను సర్వర్ నుంచి తుడిచేస్తే, ఆ ఫోనులో నడుస్తున్న పాత కోడ్ తనకు తెలిసిన పాత చంక్ ఫైలును (కోడ్ ముక్కను) అడుగుతుంది, అది దొరకదు, పాట వేసే బటన్ నొక్కిన మనిషికి తెల్ల తెర కనిపిస్తుంది. మూడు జాగ్రత్తలు తీసుకోండి. రిమోట్ ప్రవేశ ఫైలుకు కాష్-కంట్రోల్‌లో నో-కాష్ అని పెట్టండి. అప్పుడు బ్రౌజర్ ప్రతిసారీ సర్వర్‌ను అడిగి, మారకపోతే తన దగ్గరున్నదే వాడుకుంటుంది. పేరులో హాష్ (ఫైలు మారితే మారే గుర్తు) ఉన్న మిగతా ఫైళ్లకు 31536000 సెకన్లు, అంటే ఏడాది గడువు, దానితో పాటు ఇమ్యూటబుల్ (మారనిది) అని పెట్టండి. ప్రతి వెర్షన్‌నూ దాని సొంత ఫోల్డర్‌లో ఉంచి, పాత ఫోల్డర్లను కొన్ని వారాలపాటు కదిలించకండి. ఏ రిమోట్‌కు ఏ ఫోల్డర్ అన్నది ఒక చిన్న జేసన్ ఫైలులో రాసి, దాన్ని కూడా నో-కాష్‌గానే ఉంచి, షెల్ మొదట దాన్నే చదివేటట్లు చేస్తే, చెడిన రిలీజ్‌ను వెనక్కి తీసుకోవడం ఒక్క వరుస మార్చినంత పని.

రిమోట్ అసలు దిగకపోతే ఏం చూపించాలో కూడా మొదటి రోజే తేల్చుకోండి. ప్రతి రిమోట్ చుట్టూ ఎర్రర్ బౌండరీ (లోపం పక్కకు పాకకుండా ఆపే రియాక్ట్ కంచె) ఉండాలి, నిర్ణీత సమయంలో రాకపోతే మళ్లీ ప్రయత్నించే బటన్ ఉండాలి, లాటు వివరాలు మాత్రం చెక్కుచెదరకుండా కనిపించాలి. ఎర్రర్ బౌండరీ తెర గీసేటప్పుడు వచ్చే లోపాలను పట్టుకుంటుంది గానీ, బటన్ నొక్కినప్పుడు నడిచే కోడ్‌లోని లోపాలను, అసింక్ (ఫలితం తరువాత వచ్చే) కోడ్‌లోని లోపాలను పట్టుకోదు. వాటిని విడిగా పట్టుకుని, రిమోట్ పేరు, వెర్షన్ జోడించి లాగ్‌కు పంపాలి. అర్ధరాత్రి వచ్చిన ఫిర్యాదు కర్నూలుకు పోవాలా కడపకు పోవాలా అన్నది ఆ రెండు మాటలే చెబుతాయి.

భాగాల మధ్య మాటలు ఎంత తక్కువగా ఉంటే అంత మేలు. అందరూ కలిసి రాసే ఒకే రిడక్స్ స్టోర్ (అప్లికేషన్ సమాచారం దాచే ఉమ్మడి చోటు) పెట్టడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. ఒక టీము అందులోని ఒక ఫీల్డు పేరు మార్చిన రోజున మిగతా ముగ్గురి కోడ్ విరుగుతుంది, అది విరిగినట్లు బిల్డ్‌లో కనిపించదు కూడా. లాటు సంఖ్య యూఆర్ఎల్‌లోనే ఉండనివ్వండి. వేలం భాగం అక్కడి నుంచి చదువుకుని తనకు కావలసింది తన సర్వర్‌ను అడుగుతుంది. ధర ఖాయమైందన్న వార్త వంటి వాటికి బ్రౌజర్ ఇచ్చే కస్టమ్ ఈవెంట్ చాలు. ఈవెంట్ పేరుకు ముందు టీము పేరు ఉండాలి, అందులో వచ్చే ఫీల్డుల టైపులు ఒక చిన్న టైప్‌స్క్రిప్ట్ ప్యాకేజీలో ఉండాలి, కొత్త ఫీల్డు చేర్చవచ్చు గానీ ఉన్నదాన్ని అందరికీ చెప్పకుండా తీసేయకూడదు. లాగిన్ షెల్ పని. సెషన్‌ను హెచ్‌టీటీపీ-ఓన్లీ కుకీలో (జావాస్క్రిప్ట్ చదవలేని కుకీలో) ఉంచితే టోకెన్‌ను చేతుల మీదుగా తిప్పవలసిన అవసరమే రాదు.

ఒక భద్రతా విషయం కూడా చెప్పాలి. ఫెడరేషన్‌లో ప్రతి రిమోట్ కోడ్ ఒకే పేజీలో, ఒకే అధికారాలతో నడుస్తుంది. రవాణా టీము డిప్లాయ్ తాళంచెవి ఎవరి చేతికైనా చిక్కితే రైతు బ్యాంకు వివరాల తెర కూడా వారి చేతికి చిక్కినట్టే. చెల్లింపులను వేరే అప్లికేషన్‌గా ఉంచమనడానికి ఇది రెండో కారణం. అయితే పూర్తి రక్షణ కావాలంటే దాన్ని వేరే సబ్‌డొమైన్‌లో పెట్టాలి, ఎందుకంటే ఒకే డొమైన్‌లో యూఆర్ఎల్ కొమ్మ మారినంత మాత్రాన బ్రౌజర్ వాటిని వేరుగా చూడదు.

తెర ఒక్కటిగా కనిపించడానికి డిజైన్ సిస్టమ్ కావాలి. సీఎస్ఎస్ మాడ్యూల్స్ వాడితే ఒకరి శైలి మరొకరి మీద పడకుండా ఉంటుంది. రీసెట్ శైలులు (బ్రౌజర్ సొంత శైలులను చెరిపేవి) షెల్ ఒక్కటే పెట్టాలి. మన భాషలో నడిచే అప్లికేషన్లకు ప్రత్యేకమైన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటును ప్రతి రిమోట్ తన ప్యాకేజీలో పెట్టుకుంటే అదే ఫాంటు నాలుగు చిరునామాల నుంచి నాలుగుసార్లు దిగుతుంది. దాన్ని షెల్ ఒక్కసారే దించాలి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయిన బటన్ ఎత్తును పిక్సెళ్లలో బిగిస్తే ‘రాష్ట్ర’ వంటి మాటల్లో కింది వత్తులు తెగిపోతాయి, కనుక వరుస ఎత్తు డిజైన్ సిస్టమ్‌లోనే తెలుగుకు తగినంత ఉండాలి. లక్షల దగ్గర కామా పడే తీరు కూడా ఒక టీము తెరలో 1,50,000 అనీ మరో టీము తెరలో 150,000 అనీ ఉంటే రైతు రెండూ ఒకటేనా అని అనుమానిస్తాడు. అంకెలన్నీ ఒకే ఫార్మాటర్ ద్వారా పోవాలి.

పత్తికొండ వైపు టమాటా రైతు చేతిలో ఉన్న ఫోను, అక్కడి సిగ్నల్, మీ ఆఫీసు ల్యాప్‌టాప్ ఒకటి కావు. విడిపోయిన భాగాలు ఒక్కొక్కటీ చిన్నవిగానే కనిపిస్తాయి, కలిసి దిగినప్పుడే బరువు తెలుస్తుంది. ప్రతి టీముకూ జావాస్క్రిప్ట్ పరిమాణంలో ఒక గరిష్ఠ హద్దు పెట్టి, అది దాటితే పైప్‌లైన్ ఆగేటట్లు చేయండి. గూగుల్ వెబ్ వైటల్స్ కొలమానాల్లో ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించడం, నొక్కినదానికి స్పందన 200 మిల్లీసెకన్లలోపు రావడం మంచి స్థాయి. వీటిని 75వ పర్సంటైల్ దగ్గర, అంటే నలుగురిలో ముగ్గురికి ఆ స్థాయి అందుతోందో లేదో తెలిసేటట్లు, నిజమైన వినియోగదారుల ఫోన్ల నుంచి కొలవండి. వేలం పక్కపట్టీ ఆలస్యంగా దిగి లాటు వివరాలను కిందికి నెట్టకుండా దాని చోటును ముందే ఖాళీగా ఉంచాలి.

షెల్‌కు యజమాని ఎవరన్నది రాతపూర్వకంగా ఉండాలి. అందరిదీ అయిన షెల్‌ను ఎవరూ చూడరు. కర్నూలు టీముల నుంచి ఇద్దరికి వారంలో కొంత సమయం దీనికే కేటాయించి, షెల్‌లోకి వ్యాపార నియమం ఏదీ రాకుండా కాపాడమనండి. కొత్తగా చేరినవారు తమ భాగాన్ని మాత్రమే తమ యంత్రంలో నడిపి, మిగతావి టెస్టు సర్వర్ నుంచి వచ్చేటట్లు ఏర్పాటు చేయండి. నాలుగింటినీ నడిపితే తప్ప పని మొదలుకాదంటే స్వతంత్రం కాగితం మీదే మిగులుతుంది. లాగిన్, లాటు తెరవడం, పాట వేయడం, చెల్లింపు చూడడం అనే ప్రధాన దారులకు మాత్రమే కలిపి నడిపే టెస్టులు ఉంచి, మిగతా పరీక్షలు ఎవరివి వారి దగ్గరే జరగనివ్వండి.

చెల్లింపులు విడిపోయాక రెండు మూడు నెలలు ఆగి, ముందు రాసుకున్న ఆలస్యాల పట్టికను మళ్లీ వేయండి. పక్క టీము కోసం ఆగిన రోజులు తగ్గి ఉంటేనే వేలం వైపు కదలండి. తగ్గకపోతే హద్దు తప్పుచోట పడిందని అర్థం. అప్పుడు రెండో భాగాన్ని విడదీయడం కాదు, మొదటిదాని హద్దును సరిచేయడం జరగాలి.

ఇక నివేదికల విభాగం. ఆంగ్యులర్‌జేఎస్‌కు అధికారిక మద్దతు 2021 డిసెంబరు 31తో ముగిసింది, అందుచేత దాన్ని రైతులు, బయటివారు వాడే పేజీలతో కలిపి నడపడం మంచిది కాదు. ఫెడరేషన్‌లోకి లాగడానికి ప్రయత్నించవద్దు. దాన్ని ఉన్నదున్నట్లుగా వేరే సబ్‌డొమైన్‌కు తరలించి, ఆఫీసు సిబ్బందికి మాత్రమే తెరుచుకునేటట్లు చేయండి. ఆ తరువాత ఏ నివేదికలో మార్పు అడిగితే ఆ నివేదికను రియాక్ట్‌లో కొత్తగా రాసి, దానికి సంబంధించిన టీము భాగంలో చేర్చండి: ధరల నివేదిక వేలానికి, బకాయిల నివేదిక చెల్లింపులకు. ఏడాదిపాటు ఎవరూ తెరవని నివేదికలు ఏవో యాక్సెస్ లాగ్ చూసి తేల్చుకుని, వాడేవారిని అడిగి తీసేయండి.